రాలిన కొమ్ము

మా నాయన దుప్పిని చంపలేదు. ఆ మాట నేను పొద్దున తొమ్మిదికి అటవీశాఖ సార్‌కి గట్టిగా చెప్పాను. మధ్యాహ్నం రెండుకి నాలో నేను చెప్పుకోబోతే గొంతులోంచి రాలేదు. సాయంత్రం నాలుగుకి మా నాయనే చెప్పలేకపోయాడు. ఒక్క మాట ఒక్క రోజులో అంతలా ఎలా అరిగిపోయిందో నాకు ఇప్పటికీ అయోమయంగానే ఉంది. అందుకే మొదటినుంచీ చెప్తాను. నేను ఎక్కడ తప్పాను అన్నది మీకు కనిపిస్తే సంతోషం.

నా పేరు గ్రేసీ. మా ఊరు భాకరాపేట కనుమ కింద. చివరి ఇల్లు దాటి రెండు చేలు నడిస్తే అడవి. మామిడికాయల కాలంలో గుజ్జు ఫ్యాక్టరీకి పనికి పోతాను. మిగతా రోజుల్లో ఇంట్లో మేకలూ, నాయనా, నా నోరూ. నా నోటి సంగతి ఊళ్ళో ఎవరినడిగినా చెప్తారు. మా ఆయన పాల్ తిరుపతిలో ఆటో తోలుతాడు, తెల్లవారకముందే పోతే చీకటి పడ్డాకే రాక. మా అమ్మ కృపామణి పోయి మూడేళ్ళయింది.

మా నాయన పెంచలయ్యని ఒకప్పుడు ఉచ్చుల పెంచలయ్య అనేవాళ్ళు. క్లచ్చు వైరుతో ఉచ్చు పన్ని దుప్పుల్ని పట్టేవాడు. నాకు పదేళ్ళప్పుడు అటవీశాఖ వాళ్ళు ఇంటిమీదికి వచ్చారు. మా నాయన వాకిట్లో నిలబడి నా తల మీద చెయ్యి పెట్టి, "బిడ్డ మీద ఒట్టు సార్, నేను సంపలేదు" అన్నాడు. నేను నమ్మాను. నమ్మి ఊరుకోకుండా, మా నాయన చంపలేదని నేను కూడా వాళ్ళ మీద అరిచాను. అయిదు నిమిషాలు కాకముందే వాళ్ళు గడ్డివాములోంచి పచ్చి తోలు లాగారు. ఆయన సబ్ జైల్లో నలభై రోజులు ఉన్నాడు. ఆ నలభై రోజులూ బడిలో పిల్లలు నన్ను చూసి తలకి రెండు వేళ్ళు కొమ్ముల్లా పెట్టుకుని ఎగిరేవాళ్ళు. దుప్పిని చంపినందుకు కాదు, నా మీద ఒట్టు వేసి అబద్ధం చెప్పినందుకు నాకు ఆయన మీద కోపం. పోయిందనుకున్నాను గానీ పోలేదు.

జైలు నుంచి వచ్చినరోజే ఉచ్చులన్నీ పొయ్యిలో వేసి, మా అమ్మ వెంట చర్చికి పోయి ప్రమాణం చేశాడు. అప్పటినుంచి ఇరవై ఎనిమిదేళ్ళు ఆయన అడవిలోకి పోయింది మేకల వెనకే.

ఏడేళ్ళ కిందట, చలి తగ్గి ఎండ మొదలయ్యే రోజుల్లో, తువ్వాలులో చుట్టి ఒక దుప్పికొమ్ము తెచ్చాడు. మేకకీ ఆవుకీ కొమ్ము ఊడితే రక్తమే. దుప్పికి అలా కాదు, ఏటేటా కొమ్ములు వాటంతట అవే రాలిపోయి కొత్తవి మొలుస్తాయి. మా నాయన ఆ కొమ్ము కథ ఎవరు వచ్చినా చెప్పేవాడు. ఎప్పుడు చెప్పినా ఒక్క ముక్క తేడా ఉండేది కాదు. "ఈతమడుగు కాడ, బురదలో, రెండు మొనలూ ఆకాశం తట్టు సూస్తా పడుండాది. నేను అడగలా, కొట్టలా. అడివే ఇచ్చింది." మా అమ్మ ఆ కొమ్ముని గూట్లో బైబిలు పక్కన పెట్టింది. చంపకుండా ఈ మనిషి అడవినుంచి తెచ్చిన మొదటి వస్తువు ఇదేనని అందరికీ చూపించేది.

చూపించాక ఊరుకుంటారా? దుప్పికొమ్ముని సానరాయి మీద నీళ్ళు చల్లి అరగదీస్తే గంధం దిగుతుంది. దాన్ని తలనొప్పికి నుదుటికి రాస్తారు, చంటిపిల్లలకి జలుబు చేసి డొక్కలెగరేస్తుంటే రొమ్ముకి పట్టు వేస్తారు. పనిచేస్తుందా అని నన్నడగొద్దు, నాకు తలనొప్పి వస్తే మాత్ర వేసుకుంటాను. ఊరు మాత్రం మా గడపకి వరస కట్టింది. దానికొక పద్ధతి ఉంది. కొమ్ము కావాలని ఎవరైనా అడగొచ్చు, ఇచ్చినవాళ్ళు మాత్రం తిరిగి ఇమ్మని అడగకూడదు. అడిగితే తీసుకున్నవాళ్ళకి తగ్గిన నొప్పి మనింటికి వస్తుందని నమ్మకం. కాబట్టి మా కొమ్ము మా ఇంట్లో ఉన్న రోజుల కన్నా ఊరి మీద ఉన్న రోజులే ఎక్కువ. అమ్మ పోయాక అది ఎవరింట్లో ఉందో నేను పట్టించుకోలేదు.

ఇక ఆ రోజు సంగతి. పోయిన నెల ఒక ఉదయం జీపు వచ్చి మా వాకిట్లో ఆగింది. బీటు ఆఫీసరు ధనశేఖర్ దిగాడు. ముప్పై దాటని మనిషి, మర్యాదస్తుడు. చెప్పులు గడప బయట విడిచి మరీ మాట్లాడాడు.

"పెద్దాయనా, మూడు దినాల కిందట కనుమ కింద ఒక దుప్పి సచ్చి పడుండాది. కొమ్ములకోసం తల కోసుకొని పొయినారు. మీ ఇంట్లో కొమ్ము ఉండాదని చెప్పినారు."

"ఉండాది సార్," అన్నాడు నాయన, ఏ తడబాటూ లేకుండా. "అది ఏడేళ్ళ నాటిది. రాలింది. ఈతమడుగు కాడ, బురదలో, రెండు మొనలూ ఆకాశం తట్టు సూస్తా..."

"రాలిందైనా ఇంటికి తెచ్చుకోకూడదు. తెలుసు గదా?"

నా నోరు ఊరుకోలేదు. "రాలింది ఏరుకుంటే తప్పేముంది సార్? మేము కట్టెపుల్లలు ఏరుకోమా? మా నాయన దుప్పిని సంపలేదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఉచ్చు ముట్టలేదు. ఊళ్ళో ఎవురినైనా అడుక్కోండి."

"కొమ్ము కట్టెపుల్ల కాదమ్మా. రాలినవాటిని వదిలేస్తే, కోసినోళ్ళు కూడా రాలిందే అంటారు." కోప్పడకుండానే చెప్పాడు. "కొమ్ము అడుగు సూస్తే తెలిసిపోతాది. రాలిందైతే అడుగు గుండ్రంగా, గరుకుగా ఉంటాది. సుట్టూ పూసలు గుచ్చినట్టు ఒక వరస ఉంటాది. కోసిందైతే చదునుగా రంపం గీతలుంటాయి. రాలిందైతే నేను దాన్ని స్వాధీనం చేసుకొని, కాగితం రాసుకొని పోతా. కోసిందైతే నా చేతుల్లో ఏమీ ఉండదు. పెద్దాయన పేరు మీద పాత కేసు కూడా ఉండాది."

పాత కేసు అనగానే నాయన చెయ్యి గోడని వెతుక్కుంది. అరవై ఆరేళ్ళ మనిషి. రాత్రి దగ్గు తెర వస్తే లేపి కూర్చోబెట్టి వీపు నిమరాలి. అప్పుడు నలభై రోజులు ఉండి వచ్చాడు, ఇప్పుడైతే నాలుగు రోజులు కూడా ఉండలేడు.

"నాలుగు గంటలకి మళ్ళీ వస్తా. కొమ్ము తీసి పెట్టండి," అని సార్ పోయాడు.

గూట్లో కొమ్ము లేదు. నాకు తెలుసు లేదని, అయినా బైబిలు ఎత్తి దాని కింద కూడా చూశాను.

"మీయమ్మ ఎవురికిచ్చిందో ఏమో. రానీ, అడుగుదాం," అన్నాడు నాయన.

"అమ్మ పోయి మూడేళ్ళు నాయనా."

"అవును గదా," అన్నాడు. ఈమధ్య ఆయనకి ఇలా అవుతోంది. కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తాడు. మందలో మేకల్ని పేరుపేరునా పిలుస్తాడు, నన్ను పిలవబోయి మా అమ్మ పేరు పిలుస్తాడు.

ముందు గురవమ్మత్త ఇంటికి పోయాను. మా పక్క వీధే. ఆమెకి ఒకపక్క తలనొప్పి. వచ్చిందంటే రెండు రోజులు చీకటి గదిలో పడుకుంటుంది. మా కొమ్ముని ఎక్కువసార్లు తీసుకుపోయింది ఆమే. తలుపు సగం తీసి సగం ముఖమే చూపించింది.

"కొమ్మా? నా కాడ లేదు. మీయమ్మ పొయిన ఏడాదే సుజనకి ఇచ్చేస్తిని. అడిగి తెచ్చుకోవద్దు మే, నొప్పి నీ ఇంటికొస్తాది."

"వచ్చేసిందిలే అత్తా, జీపేసుకొని మరీ."

మామూలుగా ఆమె నా మాటకి నవ్వుతుంది. ఆ రోజు నవ్వలేదు. "సుజనని అడుగు, నన్నెందుకు అడుగుతావు," అని తలుపు వేసుకుంది. తలనొప్పి వచ్చిందేమో అనుకున్నాను.

సుజన నీళ్ళ కుళాయి దగ్గర ఉంది, చంకలో పిల్లాడు. "అది చిన్నబ్బన్న తీసుకొని పొయి ఆరు నెల్లయింది అక్కా. మంచి కొమ్మక్కా. రోకలి మాదిరి నిలబెడితే నిలబడేది, అడుగు అంత చదునుగా ఉంటాది."

"అడుగు చదునుగానా? సరిగా సూసినావా?"

"సూడకేం? నిలబెట్టి దాని మొనకి మావాడి టోపీ తగిలించేదాన్ని."

మాకు తెచ్చిన కొత్తలో కొమ్ము అడుగు ఎలా ఉండేదో గుర్తు చేసుకుందామని చూశాను. గుర్తు రాలేదు. ఏడేళ్ళు ఇంట్లో ఉన్న వస్తువుని నేను ఒక్కసారి కూడా తిరగేసి చూడలేదు. మొనలు గుర్తున్నాయి, రంగు గుర్తుంది, దాని పక్కన బైబిలు అట్ట మీద కొవ్వొత్తి మరక కూడా గుర్తుంది. అడుగు మాత్రం లేదు.

చిన్నబ్బన్న ఇంట్లో అటక మీద వెతికాడు. గొర్రెల దొడ్లో వెతికాడు. చివరికి ఆయన భార్య బియ్యం డ్రమ్ములోంచి గోనెసంచిలో చుట్టిన కొమ్ము తీసింది. "ఇది మీదేనా, మా తాత నాటిదా? ఆయన కాడ కూడా ఒకటుండె," అన్నాడు చిన్నబ్బన్న తల గోక్కుంటూ.

"నాకేం తెలుసు అన్నా? నీ ఇంట్లో ఉండేది నీకే తెలియకపోతే."

"మీదే అనుకో. మా తాతది పోలీసోళ్ళకి భయపడి ఏట్లో పారేసినట్టు గుర్తు. పారేసినాడో, పారేస్తానన్నాడో."

ఆ ఇంట్లో ఇంకో నిమిషం నిలబడితే నాకు పిచ్చెక్కేది. సంచి తీసుకుని బయటపడ్డాను. చింతచెట్టు కింద ఆగి సంచి విప్పాను. కొమ్ము మాదే. రెండో మొన దగ్గర అమ్మ కొవ్వొత్తి అంటించిన మైనం చుక్క ఇంకా ఉంది. గుండె కుదుటపడింది. తర్వాత తిరగేసి అడుగు చూశాను.

చదునుగా ఉంది. అరుగుడుకి సగం మాసిపోయాయి గానీ, అడ్డంగా, దగ్గర దగ్గరగా, రంపం పళ్ళ గీతలు కనిపిస్తూనే ఉన్నాయి. పూసల వరస లేదు.

ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఇదెలా కుదురుతుందని ఒక్కొక్కటే ఆలోచించాను. మడుగు దగ్గర దొరికిందన్నాడు. మడుగు దగ్గర దొరికిన కొమ్ముకి రంపం గీతలెందుకు ఉంటాయి? వేరేవాళ్ళు కోసి పారేశారేమో. కొమ్ములకోసం చంపినవాళ్ళు కొమ్ము పారేస్తారా? అరగదీయడంలో పడిన గీతలేమో. సానరాయికి పళ్ళుంటాయా? ఏ దారిలో పోయినా చివరికి గడ్డివాము దగ్గరికే వచ్చాను. నాయన చెయ్యి నా తల మీద ఉంది, అడవి వాళ్ళు తోలు లాగుతున్నారు, నేను ఇంకా అరుస్తూనే ఉన్నాను. అప్పుడు కూడా ఆయన ఇంతే తడబాటు లేకుండా చెప్పాడు. అయితే ఏడేళ్ళుగా చెప్పిన ఈతమడుగు కథ? ఒక్క ముక్క తేడా లేకుండా చెప్పేది అబద్ధమేనని, నిజం చెప్పేవాళ్ళు తడుముకుంటారని నాకు అప్పుడు తోచింది. నాకంత తెలివి ఉందని అప్పుడు అనుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి రెండయింది. నాయన మేకపిల్లకి సీసాతో పాలు పట్టిస్తున్నాడు. కొమ్ము ఆయన ముందు పెట్టాను, అడుగు పైకి ఉండేలా.

"దొరికిందా? నేను సెప్పలా, యాడికీ పోదని," అన్నాడు సంతోషంగా.

"అడుగు సూడు నాయనా."

చూశాడు. సీసా పక్కన పెట్టి, బొటనవేలు గీతల మీద ఆ చివర్నుంచి ఈ చివరికి పోనిచ్చాడు.

"ఇది రాలిందా, కోసిందా?"

"రాలింది పాపా. ఈతమడుగు కాడ, బురదలో, రెండు మొనలూ..." అక్కడ ఆగాడు. మళ్ళీ గీతలు తడిమాడు. "ఈతమడుగు కాడ..."

"అమ్మ కూడా ఇదే నమ్మి సచ్చిపొయిందా?" నేనే అన్నాను ఆ మాట. అని ఆగలేదు. "అప్పుడు నా తల మీద సెయ్యి పెట్టి అబద్ధం సెప్పినావు. ఇప్పుడు మళ్ళీ పెట్టి సెప్పు. ఇది రాలిందని నా మీద ఒట్టేసి సెప్పు."

ఆయన ముందు వంగి కూర్చుని తల ఇచ్చాను. మేకపిల్ల పాలకోసం అరుస్తోంది. ఆయన చెయ్యి ఎత్తాడు. నా తలకి జానెడు దూరంలో ఆ చెయ్యి ఆగింది. తర్వాత చెయ్యి కిందికి దించుకున్నాడు.

"నా ఉచ్చుల దినాల్లో ఇట్టనే కోసేవాణ్ణి పాపా," అన్నాడు. "ఇదే మాదిరి. అడుగు నుంచి బెత్తెడు వదిలి."

నాకు కావలసింది దొరికిందని అనుకున్నాను. లేచి లోపలికి పోయి ఏడ్చాను. ఆయన మీద జాలితో కాదు. రెండోసారి కూడా మోసపోయానన్న ఉక్రోషంతో. నిజం చెప్పాలంటే, జైలుకి పోతే పోనీ అని కూడా ఒక్క క్షణం అనుకున్నాను. మరుక్షణం, ఈ కొమ్ముని బావిలో వేసి దొరకలేదని చెప్పేద్దామనుకున్నాను. చేతిలోకి తీసుకున్నాను కూడా. చిన్నబ్బన్న, సుజన, గురవమ్మత్త, ఇంతమందికి తెలిశాక ఏ బావిలో వేస్తాను? కొమ్ముని ఉన్నచోటే పెట్టాను.

సార్ చెప్పిన టైముకే వచ్చాడు. జీపు వెనకే ఊరూ వచ్చింది. సుజన పిల్లాడితో, చిన్నబ్బన్న భార్యతో, అందరికన్నా వెనక గురవమ్మత్త నెత్తిన కొంగు కప్పుకుని. సార్ కొమ్ము తీసుకుని వెలుగులోకి తిప్పాడు. అడుగు చూశాడు. ఆయన ముఖం పొద్దునలా లేదు.

"ఇది రంపంతో కోసిన కొమ్ము పెద్దాయనా."

"అదే సూస్తాండా సార్," అన్నాడు నాయన. "రాలిందనే అనుకుంటా ఉంటి. ఏడేళ్ళు అట్టనే సెప్తా ఉంటి. ఇప్పుడేమో సూస్తే కోసినట్టుండాది. నేనే కోసినానేమో. నాకు గుర్తు లేదు."

"గుర్తు లేకుండా ఎట్లుంటాది?"

"వయసైపాయె సార్. నా బిడ్డ కూడా కోసిందే అంటాంది. అది నా మాదిరి అబద్ధం ఆడదు."

అందరూ నా వైపు చూశారు. అప్పుడు నాకు తెలిసింది నేనేం చేశానో. ఆయన తప్పు ఒప్పుకోవడం లేదు. తన కళ్ళతో చూసి, చేత్తో తీసుకుని, మోసుకుని తెచ్చిన దాన్ని ఆయనే నమ్మలేకపోతున్నాడు, నేను నమ్మలేదు కాబట్టి. పొద్దున ఏమీ తడబడకుండా చెప్పిన మనిషి. ఆ మధ్యాహ్నం చెయ్యి దించుకున్నది అబద్ధం దొరికిపోయి కాదు, బిడ్డ మీద ఒట్టు కాబట్టి, తనకే నమ్మకం లేనిది చెప్పకూడదని. ఇదంతా సార్‌కి చెప్పాలి. ఊరంతా ఎరిగిన నా నోరు ఆ నిమిషానికి పనికి రాలేదు. ఏమని చెప్పాలి? అడుగు చూస్తే కోసే ఉంది. నాయనని చూస్తే కోయలేదు. రెండూ నా కళ్ళ ముందే ఉన్నాయి, రెండూ నిజంలాగే ఉన్నాయి.

సార్ నిట్టూర్చి సంచిలోంచి కాగితాలు తీశాడు. "జీపు ఎక్కండి పెద్దాయనా. ఆఫీసులో రాసుకుందాం. మందులేమైనా ఉంటే తెచ్చుకోండి."

నాయన గూట్లోంచి దగ్గు మందు సీసా తీసుకుని తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. గడప దాటుతూ మేకపిల్లకి పాలు సగమే పట్టించానని నాకు చెప్పాడు.

"ఉండు సార్," అన్న మాట వెనకనుంచి వచ్చింది.

గురవమ్మత్త జనాన్ని తోసుకుని ముందుకు వచ్చింది. కొంగు ముడి విప్పింది. అందులో చిన్న గుడ్డ మూట. ఆ మూటలోంచి వేలెడు మందం కొమ్ముబిళ్ళ తీసి సార్ చేతిలో పెట్టింది. ఒక వైపు చదునుగా, రంపం గీతలు. రెండో వైపు గుండ్రంగా, గరుకుగా, చుట్టూ పూసలు గుచ్చినట్టు ఒక వరస.

"నేనే కోసుకుంటి," అంది. "కృపామణి పొయినాక. దుప్పిని కాదు సార్, కొమ్ముని. తలనొప్పి లేసిందంటే కొమ్ము ఎవురింట్లో ఉండాదో తెలీక ఊరంతా తిరగాల. అందుకని నాకంటూ ఒక ముక్క ఉంచుకుందామని, మా అల్లుడి యాక్సా బ్లేడుతో కోసుకుంటి. కృపామణి బతికుంటే అడిగేదాన్ని. సచ్చిపొయిన మనిసి వస్తువు అడక్కుండా కోసుకున్నానని ఎట్ట సెప్పేది? ఆ బ్లేడుతో సగం కోసేటప్పటికే సేతులు పడిపొయి తలనొప్పి సంగతే మరిసిపొయినా."

సుజన ఫక్కున నవ్వి నోరు మూసుకుంది. సార్ నవ్వలేదు. బిళ్ళని కొమ్ము అడుగుకి ఆనించి కొద్దిగా తిప్పాడు. కుండకి మూతలా సరిగ్గా కూర్చుంది. గీతకి గీత కలిసింది.

"రాలిన కొమ్మే," అన్నాడు.

నేను గురవమ్మత్త మీద అరిచాను. "పొద్దున వచ్చినప్పుడు సెప్పి ఉంటే ఏం పొయ్యేది నీకు?" అని, ఇంకా చాలా. అరుస్తూ ఉండగానే నాకు అర్థమయింది, అరవాల్సింది ఆమె మీద కాదని. ఆమె అడక్కుండా కోసుకుంది ఒక వేలెడు ముక్కే. ఆ ముక్క కూడా తిరిగి తెచ్చి ఇచ్చింది.

సార్ రెండు ముక్కలకీ కలిపి ఒకటే కాగితం రాశాడు. నాయన వేలిముద్ర, గురవమ్మత్త వేలిముద్ర, సాక్షిగా నా సంతకం. మళ్ళీ రాలింది కనిపించినా ముట్టుకోవద్దని, కబురు చేయమని అందరికీ చెప్పాడు. పోయే ముందు నాయన ఆ బిళ్ళని ఒకసారి ఇమ్మని అడిగాడు. సార్ ఇచ్చాడు. నాయన కళ్ళు మూసుకుని పూసల వరస మీద బొటనవేలు చుట్టూ తిప్పాడు.

"పాపా, ఇది ఆ కొమ్ముదేనా?"

"ఆ కొమ్ముదే నాయనా."

"అయితే రాలిందేనా?"

"రాలిందే."

తల ఊపి బిళ్ళ ఇచ్చేశాడు. జీపు పోయింది. ఆ దుప్పి తల కోసినవాళ్ళు వేరే ఊళ్ళో దొరికారని వారం తర్వాత విన్నాం. అంతటితో అయిపోయిందని మా ఆయన పాల్ అన్నాడు, ఊరూ అంది.

నెల దాటింది. గూట్లో బైబిలు పక్క ఖాళీగా ఉంది. కొమ్ము తీసుకుపోయినందుకు నాకేం బాధ లేదు. నాయన ఇప్పుడు ఎవరైనా అడిగితే ఈతమడుగు కథ మొదలుపెడతాడు. బురద దాకా వస్తాడు. మొనలు ఆకాశం వైపు చూస్తున్నాయా, పక్కకి పడి ఉన్నాయా అని ఆగి నన్ను అడుగుతాడు. ఆయనతో మడుగు దగ్గరికి నేను పోలేదని తెలిసి కూడా అడుగుతాడు. రోజూ సాయంత్రం మేకల్ని దొడ్లోకి తోలి, కాళ్ళు కడుక్కుని, నా పక్కన కూర్చుంటాడు.

"పాపా, ఆ కొమ్ము రాలిందే కదా?"

"రాలిందే నాయనా."

ఆ మధ్యాహ్నం ఒక్కసారి అని ఉంటే సరిపోయేది. ఇప్పుడు రోజూ అంటున్నాను, చాలడం లేదు. కాసేపు నా ముఖంలోకి చూస్తాడు. నేను నిజం చెప్తున్నానో, ముసలాయన మనసు నొప్పించకూడదని చెప్తున్నానో ఆయనకి తేలదు.

నిన్న ఆయన చెయ్యి తీసి నేనే నా తల మీద పెట్టుకున్నాను. "నా మీద ఒట్టు నాయనా, అది రాలింది. నువ్వు దుప్పిని సంపలేదు," అన్నాను. చెయ్యి కాసేపు అలాగే ఉంచి, మెల్లగా నా జుట్టు నిమిరాడు.

"ఒట్టేస్తే అబద్ధం కూడా నిజం మాదిరే ఉంటాది పాపా," అన్నాడు. "నాకు తెలుసు గదా."